జాతీయ రహదారి మీద ఎం.జి. కామెట్: రెండేళ్లకు పైబడిన వాడకం తర్వాత

ఎం.జి. కామెట్ నగరం కోసం తయారైన విద్యుత్ కారు. 2023 ఏప్రిల్‌లో మన దేశంలో విడుదలైన ఈ కారు పొడవు 2,974 మిల్లీమీటర్లు, అంటే మూడు మీటర్లు కూడా నిండదు. వెడల్పు 1,505, ఎత్తు 1,640 మిల్లీమీటర్లు. రెండు తలుపులు, నాలుగు సీట్లు, 17.3 కిలోవాట్ అవర్ల (అంటే 17.3 యూనిట్ల) బ్యాటరీ, వెనక చక్రాలను తిప్పే 42 పీఎస్ మోటారు ఉన్న ఈ బండిని చూసిన వారెవరైనా ఇది కాలనీకీ ఆఫీసుకీ మధ్య తిరగడానికే అనుకుంటారు, అందులో తప్పు లేదు. నేను కూడా హైదరాబాదు వనస్థలిపురం నుంచి ఆఫీసుకు వెళ్లి రావడానికే దీన్ని కొన్నాను. అయితే మా అమ్మా నాన్నా నకిరేకల్ దగ్గరి పల్లెలో ఉంటారు, మా ఇంట్లో ఉన్న కారు ఇదొక్కటే. అందువల్ల కొన్న నాటి నుంచీ ఇది విజయవాడ వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద క్రమం తప్పకుండా నడుస్తూనే ఉంది. నగరంలో ఇది ఎంత బాగుంటుందో చెప్పిన సమీక్షలు ఇప్పటికే చాలా ఉన్నాయి కాబట్టి, నేను హైవే గురించి మాత్రమే రాస్తున్నాను.

అందరూ ముందుగా అడిగేది వేగం గురించి. కామెట్ గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. 60 వరకు హుషారుగా అందుకుంటుంది, 60 నుంచి 80 దాకా ఇబ్బంది లేకుండా వెళ్తుంది, 80 దాటాక మాత్రం తొక్కిన కొద్దీ నిదానంగా పెరుగుతుంది. దీనర్థం ఏమిటంటే, 55తో వెళ్తున్న లారీని దాటడం తేలిక, 80తో వెళ్తున్న ఆర్టీసీ బస్సును దాటాలనుకోవడం అనవసరం. దాటడానికి పట్టే సమయమంతా కుడి లేనులో ఉండిపోవాలి, ఆ లోపు వెనక నుంచి 110తో వచ్చే కారు దగ్గరికి వచ్చేస్తుంది. అందుకని నేను 65 నుంచి 75 మధ్య వేగాన్ని ఈ కారు సహజ వేగంగా తీసుకున్నాను. ఆ వేగంలో మోటారు చప్పుడు దాదాపు వినిపించదు, టైర్ల శబ్దం మాటలకు అడ్డు రాదు, స్టీరింగ్ చేతిలో నిలకడగా ఉంటుంది. వనస్థలిపురం నుంచి నకిరేకల్ దాదాపు 95 కిలోమీటర్లు. పెద్ద కారు కన్నా నాకు పట్టే అదనపు సమయం పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. వేగం వల్ల ఈ ప్రయాణాలు నాకెప్పుడూ కష్టంగా తోచలేదు.

అసలు చూడవలసింది గాలి. కారు ఎత్తు వెడల్పు కన్నా ఎక్కువ, చక్రాల మధ్య దూరం 2,010 మిల్లీమీటర్లే, బరువు తక్కువ. ఈ మూడూ కలిసినప్పుడు పక్క నుంచి వీచే గాలి మీద ఆధారపడి కారు నడత మారుతుంది. చౌటుప్పల్ దాటాక రోడ్డుకు రెండు వైపులా ఖాళీ పొలాలు వచ్చే చోట, ముఖ్యంగా ఎత్తుగా కట్టిన ఫ్లైఓవర్ల మీద, కారు ఒక అడుగు పక్కకు జరిగినట్టు అనిపించడం మామూలే. బస్సులు దాటేటప్పుడు పరిస్థితి ఇంకొంచెం వేరు. 100తో వచ్చే స్లీపర్ బస్సు ముందు భాగం మన పక్కకు రాగానే గాలి మనల్ని ఎడమ వైపుకు నెడుతుంది, బస్సు వెనక భాగం దాటిపోతున్నప్పుడు అదే గాలి మనల్ని కుడి వైపుకు లాగుతుంది. మొదటి నెట్టుడుకు స్టీరింగ్ గట్టిగా కుడికి తిప్పిన వారికి రెండో లాగుడు ప్రమాదకరం అవుతుంది, ఎందుకంటే అప్పటికి చక్రాలు, గాలి రెండూ బస్సు వైపే ఉంటాయి. అద్దంలో బస్సు పెద్దదవుతున్నప్పుడే రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, వేగం ఐదు కిలోమీటర్లు తగ్గించి, లేను మధ్య నుంచి ఎడమకు కొద్దిగా జరిగి, ఆ రెండు క్షణాలు స్టీరింగ్‌ను కదలనివ్వకుండా ఉంచడం మేలు. కొత్తగా నడిపే వారికి దీన్ని నేను మొదటి పాఠంగా చెబుతాను. నా భార్య ఈ కారు నేర్చుకున్నప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎడమ లేనులో దీన్నే ముందు సాధన చేసింది.

ఔటర్ గురించి ఒక మాట. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. కామెట్‌కు ఆ వేగం అందదు, అందవలసిన పని కూడా లేదు. ఎదురుగా వచ్చే వాహనాలు, రోడ్డు దాటే మనుషులు లేని ఆ రోడ్డు మీద ఎడమ లేన్లలో 70తో వెళ్లడం, 65వ నంబరు రోడ్డు మీద అదే వేగంతో వెళ్లడం కన్నా ఎంతో సుఖం.

ఎందుకంటే మన జాతీయ రహదారుల మీద నిదానంగా వెళ్లే వారికి కేటాయించిన ఎడమ లేను నిజానికి నిదానపు లేను కాదు. బరువైన లారీలు చాలావరకు డివైడర్‌ను ఆనుకుని కుడి లేనులో వెళ్తాయి. ఎడమ లేనులో ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, వెనక దీపం లేని ట్రాక్టర్లు, మరమ్మతుకు ఆగిన లారీ చుట్టూ పేర్చిన రాళ్లు ఎదురవుతాయి. కోతల కాలంలో నార్కట్‌పల్లి దాటినప్పటి నుంచి సర్వీసు రోడ్ల మీద, కొన్ని చోట్ల హైవే అంచు మీద కూడా వడ్లు ఆరబోస్తారు. కుప్ప మీద కప్పిన పట్టా గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు, కుప్ప ఎత్తేశాక ఆ రాళ్లలో కొన్ని అక్కడే మిగిలిపోతాయి. పెద్ద చక్రాల కారుకు అది ఒక కుదుపు. కామెట్ చక్రం 12 అంగుళాలది, టైరు 145/70 కొలతది, దానికి పిడికిలంత రాయి కూడా రిమ్ము వంచగలదు. అందువల్ల చీకటి పడ్డాక ఈ కారును హైవే మీదికి తీసుకెళ్లకూడదని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. రాత్రి పూట హెడ్‌లైటు వెలుగులో రాయి కనిపించే సరికి దాన్ని తప్పించే దూరం మిగలదు. పగలు మాత్రం ఎత్తైన సీటు, పెద్ద ముందు అద్దం వల్ల రోడ్డు చాలా దూరం వరకు స్పష్టంగా కనిపిస్తుంది, గుంతలను ముందే చూసి తప్పించుకోవచ్చు.

టైరు కొలత గురించి భయపడే వారికి ఒక ఊరట ఉంది. 145/70 ఆర్12 మన దేశంలో లక్షల సంఖ్యలో తిరిగిన మారుతి 800 వాడిన కొలతే. కామెట్‌లో స్టెప్నీ ఉండదు, పంచరు కిట్టు మాత్రమే ఇస్తారు. చిట్యాల దగ్గర ఒకసారి మేకు దిగినప్పుడు రోడ్డు పక్కన ఉన్న పంచరు షాపాయన జాకీ వేయకుండానే, కారును అరచక్రం ముందుకు జరిపించి, మేకు పైకి వచ్చాక పీకి, రబ్బరు తాడు జిగురులో ముంచి దూర్చి, పది నిమిషాల్లో పంపించాడు. ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి చక్రం విప్పాల్సిన అవసరమే రాలేదు. అయినా బయలుదేరే ముందు నాలుగు టైర్ల గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూసుకోవడం ఈ కారుకు తప్పనిసరి. గాలి తగ్గితే నిలకడా తగ్గుతుంది, బ్యాటరీ ఛార్జీ కూడా త్వరగా తరుగుతుంది.

ఇక ఛార్జీ సంగతి, ఈ సమీక్షకు ప్రాణం అదే. వాహనాలను పరీక్షించే సంస్థ ఎ.ఆర్.ఎ.ఐ. పరీక్షలో కామెట్ పరిధి, అంటే ఒకసారి నిండా ఛార్జి చేస్తే వెళ్లే దూరం, 230 కిలోమీటర్లు. నగరంలో నాకు 185 నుంచి 190 వరకు వస్తుంది. హైవే మీద స్థిరంగా 70తో వెళ్తే 155 నుంచి 160, 80తో వెళ్తే 135 నుంచి 140, 95తో పట్టుదలగా నడిపితే 110కి అటూ ఇటూగా వస్తుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి ఇందులో వింత లేదు. 60 నుంచి 80కి వెళ్లినప్పుడు వేగం మూడో వంతు పెరిగితే, గాలి ఎదురు తోపు దాదాపు 78 శాతం పెరుగుతుంది. పెద్ద బ్యాటరీ ఉన్న కార్ల వారు ఈ తేడాను పట్టించుకోకపోయినా గడిచిపోతుంది. 17.3 యూనిట్లే ఉన్న కారులో ప్రతి పది కిలోమీటర్ల వేగానికీ ఒక ఊరు అంత దూరం తగ్గిపోతుంది.

నాకు చాలా కాలం ఆసక్తి కలిగించిన విషయం ఒకటుంది. అదే దారిలో, అదే వేగంతో, అదే ఇద్దరు మనుషులతో వెళ్లినప్పుడు నకిరేకల్‌కు సుమారు 55 శాతం ఛార్జీ ఖర్చవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు 65 శాతం పడుతుంది. దీనికి కారణం నేల వాలు. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 513 మీటర్ల ఎత్తున ఉంది. నకిరేకల్, సూర్యాపేటల మధ్య ఉన్న మూసీ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 645 అడుగులు, అంటే 197 మీటర్లకు లోపే. హైదరాబాదు నీళ్లు మోసుకుని మూసీ దిగిపోయే వైపే మన రోడ్డు కూడా దిగుతుంది. కంటికి కనిపించేంత వాలు ఎక్కడా ఉండదు, మొత్తం మీద మాత్రం 300 మీటర్లకు దగ్గరగా దిగుతాం. మనుషులతో, సామానుతో కలిపి కారు బరువు టన్ను అనుకుంటే, టన్ను బరువును 300 మీటర్లు ఎక్కించడానికి దాదాపు 0.8 యూనిట్ల శక్తి కావాలి. మా బ్యాటరీలో అది ఐదు శాతం. వెళ్లేటప్పుడు ఆ ఐదు శాతం కలిసి వస్తుంది, వచ్చేటప్పుడు అంతే అదనంగా పోతుంది. రెండూ కలిస్తే తేడా పది శాతానికి చేరుతుంది, లెక్కకు తెర మీద కనిపించే అంకె సరిగ్గా సరిపోతుంది.

దీని మీద ఆషాఢ మాసపు గాలి కూడా చేరుతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో, తూర్పుకు వెళ్లే మనకు వెనక నుంచి సాయం దొరుకుతుంది, హైదరాబాదుకు తిరిగి వచ్చేటప్పుడు ఆ గాలికి ఎదురు నిలవాలి. 70తో వెళ్తున్న కారుకు గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, గాలి దృష్టిలో మనం 90తో వెళ్తున్నట్టే లెక్క. అటువంటి రోజుల్లో తిరుగు ప్రయాణానికి 75 శాతం దాకా ఖర్చయిన సందర్భాలున్నాయి. అప్పుడు వేగం 60కి తగ్గిస్తాను, లెక్క మళ్లీ అదుపులోకి వస్తుంది. హైవేల మీద తిరిగే కామెట్ యజమానులందరికీ నా మనవి ఏమిటంటే, మీ దారి ఎటు వాలి ఉందో, ఏ నెలలో గాలి ఎటు వీస్తుందో తెలుసుకోండి, తెర మీద చూపించే మిగులు దూరం కన్నా అదే నమ్మదగినది. ఆ మిగులు దూరం అంతకు ముందు నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. ముందు రోజంతా నగరంలో తిరిగి ఉంటే అది ఎక్కువ చూపిస్తుంది. నేను శాతాన్ని మాత్రమే చూస్తాను.

ఏసీ గురించి ఉన్న భయం అతిగా ఉంది. నిలకడగా నడుస్తున్న ఏసీ గంటకు ఒక యూనిట్‌కు అటూ ఇటూగా తీసుకుంటుంది, 70తో వెళ్తున్నప్పుడు కిలోమీటరుకు అది చిన్న ఖర్చే. మే నెలలో నల్లగొండ జిల్లా ఎండలో అద్దాలు దించుకుని వెళ్లడం కన్నా ఏసీ వేసుకుని వేగం ఐదు కిలోమీటర్లు తగ్గించుకోవడం ఆరోగ్యానికీ, ఛార్జీకీ రెండింటికీ మంచిది. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరినప్పుడు కూడా ఈ కారు ఆందోళన పెట్టదు. గంటసేపు ఏసీతో నిలబడినా ఆరు శాతానికి మించి తగ్గదు, నత్తనడకన కదిలితే గాలి నిరోధం దాదాపు ఉండదు కాబట్టి ఏసీ ఖర్చు పోను కారు కదలడానికి అయ్యే ఖర్చు తక్కువే.

పరిధి తక్కువైనా దారిలో ఛార్జింగ్ దొరికితే ఇబ్బంది ఉండేది కాదు. 65వ నంబరు రోడ్డు మీద హోటళ్ల ఆవరణల్లో ఇప్పుడు ఫాస్ట్ ఛార్జర్లు చాలానే కనిపిస్తాయి. అవన్నీ బ్యాటరీకి నేరుగా కరెంటు ఎక్కించే డీసీ ఛార్జర్లు. కామెట్‌కు డీసీ ఛార్జింగ్ సదుపాయమే లేదు, ఇళ్లలో వచ్చే ఏసీ కరెంటు తీసుకునే టైప్-2 పోర్టు మాత్రమే ఉంది. నా కారు 2023 నాటిది, 3.3 కిలోవాట్ల వేగంతో ఎక్కుతుంది, ఖాళీ నుంచి పూర్తిగా నిండడానికి ఏడు గంటలు పడుతుంది. 2024లో వచ్చిన కొన్ని వేరియంట్లలో 7.4 కిలోవాట్ల ఏసీ ఛార్జింగ్ ఇచ్చారు, వాటికి మూడున్నర గంటలు చాలు. కిలోమీటర్లలో చెప్పాలంటే, నా కారు గంటసేపు ఛార్జింగ్‌లో ఉంటే హైవే మీద ఇరవై రెండు కిలోమీటర్ల దాకా కలుస్తాయి, కొత్త వేరియంట్‌కు నలభై ఐదు దాకా కలుస్తాయి. భోజనానికి ఆగే ముప్పావుగంటలో కొత్తదానికైనా ఒక మండలం దాటే దూరం వస్తుందేమో గానీ ప్రయాణ ప్రణాళిక మారదు. ఇదే మూలం నుంచి వచ్చిన చైనా కంపెనీ కారు వులింగ్ ఎయిర్ ఈవీని ఇండోనేషియాలో 26.7 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో కూడా అమ్ముతున్నారు. ఆ బ్యాటరీ మన దేశానికి వస్తే నేను ఇక్కడ రాసిన సగం జాగ్రత్తలు అవసరం ఉండవు, అది రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కాబట్టి ఈ కారుతో హైవే ప్రయాణం అంటే, చేరిన చోట రాత్రి నిద్ర, ఒక మంచి 15 ఆంపియర్ల సాకెట్టు. ఆ రెండూ ఉంటే 120 కిలోమీటర్ల దాకా నిశ్చింత. అవి లేకుండా అదే రోజు తిరిగి రావాలంటే 65 కిలోమీటర్లకు మించి వెళ్లకూడదు. యాదగిరిగుట్ట ఈ లెక్కలో ఇమిడిపోతుంది, కానీ గాలి రోజుల్లో నిదానంగా వెళ్లాలి.

మంచి సాకెట్టు అన్నాను, పల్లెల్లో అదే అరుదు. మొదటిసారి ఊళ్లో కేబుల్ పెట్టినప్పుడు ఛార్జర్ మీద ఎర్ర దీపం వెలిగి ఆగిపోయింది. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, టీవీ అన్నీ పనిచేస్తున్నాయి, కారు మాత్రం కరెంటు తీసుకోలేదు. మా ఊరి ఎలక్ట్రీషియన్ సాకెట్టు విప్పి చూస్తే మూడో రంధ్రానికి తీగే లేదు, అంటే ఇంటికి ఎర్తింగ్ లేదు. విద్యుత్ కారు ఛార్జర్ ఎర్తింగ్ సరిగ్గా లేనిదే పనిచేయదు, అది మన ప్రాణానికి రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. బావి పక్కన మనిషి లోతు గుంత తీయించి, ఇనుప పైపు దించి, దాని చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపించి, మీటరు బోర్డు నుంచి విడిగా లావుపాటి రాగి తీగ, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి) వేయించాం. వేసవిలో ఆ గుంత ఎండిపోకుండా నాన్న అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోస్తుంటారు. సాకెట్టు కూడా మంచి రకానిదే పెట్టించాలి. నాలుగు గంటలు ఆపకుండా పూర్తి లోడు లాగే పరికరం ఇళ్లలో మరొకటి ఉండదు, వదులుగా ఉన్న స్క్రూ వేడెక్కి ప్లగ్గు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. ఛార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గును చేత్తో తాకి చూడడం అలవాటు చేసుకోండి, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపాలి. సాయంత్రం ఊళ్లో మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి మేం రాత్రి భోజనాల తర్వాతే పెడతాం, తెల్లవారే సరికి నిండి ఉంటుంది.

మనుషులు, సామాను విషయంలో ఇది ఇద్దరి కారు. వెనక సీట్లు మడిస్తే ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చళ్ల జాడీలు, కూరగాయల సంచులు అన్నీ పడతాయి. నలుగురు కూర్చుంటే సంచి పెట్టడానికి కూడా చోటుండదు. ముందు సీట్లలో తొడల కింద ఆసరా తక్కువ కావడం వల్ల గంటన్నర దాటాక కాళ్లు బరువెక్కుతాయి, క్రూయిజ్ కంట్రోల్ లేదు కాబట్టి కుడి పాదానికి విశ్రాంతి ఉండదు. మేం నార్కట్‌పల్లి దగ్గర టీకి ఆగడం అందుకే. వంతెనల అతుకుల మీద, టోల్‌గేటు ముందు వేసిన గీతల మీద కారు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లను వెనక సీట్లో ఇంత దూరం కూర్చోబెట్టమని నేను చెప్పను. రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. ముందు భాగం పొడవు చాలా తక్కువన్న సంగతి మాత్రం ప్రతి క్షణం గుర్తుంచుకుని ముందు బండికి దూరంగా ఉండాలి.

ఖర్చు గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. రానూ పోనూ కలిపి, ఛార్జింగ్‌లో పోయే నష్టంతో సహా దాదాపు 24 యూనిట్లు. అదే దూరానికి పాత పెట్రోలు కారుకు పది లీటర్లకు పైగా పట్టేది. టోలు మాత్రం పెద్ద కార్లకు ఎంతో దీనికీ అంతే. 2025 ఆగస్టు నుంచి మూడు వేల రూపాయలకు 200 ప్రయాణాల ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చాక, మాలాగా తరచూ ఊరికి వెళ్లే వారికి ఆ భారం కూడా చాలావరకు తగ్గింది. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1.2 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. ఇప్పటిదాకా పరిధి తగ్గినట్టు నేను గమనించలేదు.

దీంతో విజయవాడ వెళ్లొచ్చా అని కాలనీలో చాలామంది అడుగుతుంటారు. దూరం దాదాపు 270 కిలోమీటర్లు. సూర్యాపేటలో తెలిసిన వారింట్లో రాత్రి ఆగి ఉదయం మళ్లీ బయలుదేరితే వెళ్లొచ్చు, అక్కడి నుంచి కోదాడ, నందిగామ మీదుగా మిగిలిన దూరం దిగుడు దారే కాబట్టి ఛార్జీ సరిపోతుంది. కానీ ఐదు గంటల ప్రయాణానికి రెండు రోజులు పెట్టడం నాకు సబబుగా తోచదు. మా బంధువుల ఇళ్లలో శుభకార్యాలకు విజయవాడ వెళ్లవలసి వచ్చినప్పుడు మేం కారును ఇంటి దగ్గరే ఉంచి, ఎల్.బి. నగర్‌లో బస్సెక్కుతాం.